స్లో ఫిల్ము అంటే సన్నని గ్రెయినేనా? పాన్ ఎఫ్, టి-మ్యాక్స్ 100, అక్రాస్, ఆర్‌పిఎక్స్ 25, సిఎంఎస్ 20 పక్కపక్కన

మీరడిగింది ఇదీ: 35 ఎంఎం కెమెరా ఉంది, 16×20 అంగుళాల ప్రింటు తియ్యాలి, ఆకాశంలో గ్రెయిన్, అంటే వెండి రేణువుల గరుకుదనం, కనబడకూడదు. అందుకోసం ఐఎస్ఓ (ఫిల్ము వేగం, కాంతికి స్పందించే శక్తి) 25కో 50కో, అంటే స్లో ఫిల్ముకి, దిగాలా? దిగితే ఏ ఫిల్ము?

గ్రెయిన్ ఒక్కటే మీ బాధైతే ఐఎస్ఓ 100 కంటే కిందికి దిగే పని లేదు. కొడాక్ టి-మ్యాక్స్ 100, ఫుజి అక్రాస్, ఇల్ఫర్డ్ డెల్టా 100, ఈ మూడూ పాన్ ఎఫ్ ప్లస్‌కి సమానంగానో, డెవలపర్‌ని బట్టి ఒక మెట్టు పైనో ఉంటాయి. స్లో ఫిల్ము కొనడానికి గట్టి కారణాలు ఉన్నాయి గానీ, అవి గ్రెయిన్ కాదు. వాటి దగ్గరికి తర్వాత వస్తాను.

వేగం తగ్గితే గ్రెయిన్ సన్నబడుతుందన్న సూత్రం పాత ఎమల్షన్ల (ఫిల్ము మీద కాంతికి స్పందించే పూతల) నాటిది. ఆ ఎమల్షన్లలో వెండి హాలైడ్ స్ఫటికాలు మందంగా, గడ్డల్లా ఉంటాయి. స్ఫటికం పెద్దదైతేనే కాంతిని ఎక్కువ పట్టుకుంటుంది, పెద్ద స్ఫటికం డెవలపర్‌లో పెద్ద వెండి ముద్దగా మారుతుంది. కాబట్టి సన్నదనం కావాలంటే వేగం వదులుకోవాల్సిందే. 1986లో కొడాక్ టి-మ్యాక్స్ ఫిల్ములు తెచ్చాక ఈ లెక్క మారిపోయింది. వీటి స్ఫటికాలు పల్చటి పలకలు, ఇంటికప్పు మీద పెంకుల్లా బల్లపరుపుగా పరుచుకుంటాయి. అంతే వెండికి కాంతి తగిలే వైశాల్యం ఎక్కువ, దాని మీద పట్టే సెన్సిటైజింగ్ డై (కాంతిని పట్టే రంగు) కూడా ఎక్కువ. అందువల్ల వేగం కోసం స్ఫటికాన్ని లావు చెయ్యక్కర్లేదు. డెల్టా, అక్రాస్ ఎవరి పద్ధతిలో వాళ్లు ఇదే పని చేశారు. పాన్ ఎఫ్ ప్లస్ మాత్రం పాత తరహా స్ఫటికాల ఫిల్మే.

అంకెల్లో చూద్దాం. గ్రెయిన్ గరుకుదనాన్ని ఆర్ఎంఎస్ గ్రాన్యులారిటీ అనే కొలతతో చెబుతారు. సమానంగా నల్లబడిన నెగటివ్ మీద 48 మైక్రాన్ల కంతతో సాంద్రత ఎంత అటూ ఇటూ ఊగుతోందో చూసి ఇచ్చే అంకె ఇది, ఎంత తక్కువైతే అంత నునుపు. కొడాక్ లెక్కలో ట్రై-ఎక్స్ 400 అంకె 17, టి-మ్యాక్స్ 400 అంకె 10, టి-మ్యాక్స్ 100 అంకె 8. ఫుజి అక్రాస్‌కి 7 అంటుంది. ఇల్ఫర్డ్ తన డేటాషీట్లలో ఈ అంకె ఇవ్వదు, అందుకే పాన్ ఎఫ్‌ని ఈ వరసలో పెట్టలేం. రెండు కంపెనీల అంకెల్ని ఒకదానితో ఒకటి గీసి పోల్చడం కూడా అంత మంచి పని కాదు, డెవలపర్ మారితే అంకె మారుతుంది. ఒకే కంపెనీ లోపల పోలిక మాత్రం నమ్మదగ్గది. అక్కడ గమనించాల్సింది ఏంటంటే, 400 వేగం ఉన్న పలక స్ఫటికాల ఫిల్ముకీ 100 వేగం దానికీ మధ్య తేడా రెండే అంకెలు. రెండు స్టాపుల వేగం (ఒక స్టాప్ అంటే కాంతి సగమో రెట్టింపో కావడం) వదులుకుంటే దక్కింది అంతే. 100 నుంచి ఇంకో రెండు స్టాపులు దిగి 25కి వెళ్తే దక్కేది ఇంకా తక్కువ.

ఇక పదును. డబ్బా మీద, ప్రకటనల్లో కనబడే లైన్ పెయిర్ల (విడివిడిగా కనబడే నలుపు తెలుపు గీతల జంటల) అంకెలు జనాన్ని బాగా తప్పుదారి పట్టిస్తాయి. టి-మ్యాక్స్ 100కి కొడాక్ రెండు అంకెలు ఇస్తుంది: 1000:1 కాంట్రాస్ట్ ఉన్న గీతలకు మిల్లీమీటరుకు 200 లైన్ పెయిర్లు, 1.6:1 కాంట్రాస్ట్‌కి 63. మొదటిది తెల్ల కాగితం మీద నల్ల గీతల్లాంటి పరిస్థితి. ఆకులు, బట్ట నేత, చర్మం, దూరపు కొండ, ఇవన్నీ రెండో అంకెకి దగ్గర. అడాక్స్ సిఎంఎస్ 20కి 800 అని చెబుతారు. అబద్ధం కాదు, కానీ లోపం లేని ఆదర్శ లెన్సు కూడా ఎఫ్/2 (లెన్సు కంత కొలత, అంకె పెరిగితే కంత చిన్నది) దగ్గర 750కి మించి ఇవ్వలేదు. డిఫ్రాక్షన్ (చిన్న కంతలో కాంతి వంగి చెదరడం) హద్దు సుమారుగా 1500ని ఎఫ్ అంకెతో భాగిస్తే వస్తుంది: ఎఫ్/8 దగ్గర 185 చిల్లర, ఎఫ్/16 దగ్గర 93, ఎఫ్/22 దగ్గర 68. అంటే ఎఫ్/22కి మూసి సిఎంఎస్ 20 వాడితే ఆ ఫిల్ముకి పెట్టిన డబ్బు లెన్సు కంతలోనే పోయినట్టు.

లెన్సూ ఫిల్మూ కలిసి ఇచ్చేదాన్ని లెక్కగట్టడానికి ఒక మొరటు సూత్రం ఉంది, రెండు అంకెల విలోమాల్ని కలిపి మళ్లీ తిరగెయ్యడం. లెన్సు 100, ఫిల్ము 100 అయితే చేతికొచ్చేది 50. ఫిల్ముని 200కి పెంచితే 67. ఫిల్ము రెట్టింపైనా ఫలితం మూడో వంతే పెరిగింది. ఇప్పుడు చేతి వణుకు సంగతి. 24 మిల్లీమీటర్ల ఎత్తున్న నెగటివ్ 16 అంగుళాలకు పెరగాలంటే 17 రెట్లు. బాగా చూసే కన్ను 25 సెంటీమీటర్ల దూరం నుంచి మిల్లీమీటరుకు 5, 6 లైన్ పెయిర్లు పట్టుకుంటుంది, కాబట్టి నెగటివ్ మీద 85 నుంచి 100 ఉండాలి. వణుకు వల్ల అది 40కి పడిపోతే ప్రింటు మీద మిగిలేది 2.4. ఎవరికైనా మెత్తగా కనిపిస్తుంది. ఐఎస్ఓ 100తో 1/250 దొరికే వెలుగులో ఐఎస్ఓ 25తో 1/60 మాత్రమే దొరుకుతుంది. పసుపు ఫిల్టర్ తగిలిస్తే ఇంకో స్టాప్ పోయి 1/30. ట్రైపాడ్ లేకుండా స్లో ఫిల్ము వాడేవాళ్ల నెగటివ్లు చాలాసార్లు ఐఎస్ఓ 400 నెగటివ్ల కంటే తక్కువ పదునుతో ఉండటానికి ఇదే కారణం. ట్రైపాడ్ ఉన్నా ఎస్ఎల్ఆర్‌లో 1/4 నుంచి 1/30 మధ్య అద్దం లేచే అదురు పట్టుకుంటుంది. మిర్రర్ లాకప్ (అద్దాన్ని ముందే లేపి ఉంచడం) ఉంటే వాడండి, లేకపోతే ఆ వేగాల్ని దాటెయ్యండి.

ఇంకో నిజం కూడా చెప్పాలి. 120 ఫిల్ము మీద తీసే 6×7 సెంటీమీటర్ల నెగటివ్ అదే ప్రింటుకి 7 రెట్ల పైచిలుకు పెరిగితే చాలు. ఆ సైజులో ఎఫ్‌పి4 ప్లస్ లాంటి మామూలు 125 ఫిల్ము, 35 ఎంఎంలో ఉన్న ఏ స్లో ఫిల్మునైనా టోన్ల నునుపులో సులువుగా దాటేస్తుంది. మీకు 120 కెమెరా దొరికే అవకాశం ఉంటే, ఫిల్ముల మీద వెచ్చించే ఆలోచన అటు మళ్లించండి. లేదంటే ముందుకు పోదాం.

పాన్ ఎఫ్ ప్లస్ దగ్గర మొదలుపెడతాను, ఎక్కువమంది ఇబ్బంది పడేది దీంతోనే. డబ్బా మీద 50. దీని స్వభావం కాంట్రాస్ట్. నీడలు తొందరగా ఖాళీ అవుతాయి, హైలైట్లు (వెలుగు భాగాలు) తొందరగా పైకి ఎగబాకుతాయి. ఎర్రటి ఎండలో 50కే మీటర్ పెట్టి, డేటాషీట్ సమయం మొత్తం డెవలప్ చేస్తే నలుపు తెలుపు తప్ప మధ్య టోన్లు సరిగా మిగలవు. ఎండలో 32కి లేదా 25కి పెట్టి డెవలప్‌మెంటు 15 శాతం దాకా తగ్గించాలి. ఐడి-11 డెవలపర్ 1+1లో (ఒక వంతుకి ఒక వంతు నీళ్లు), 20 డిగ్రీల దగ్గర, ఐఎస్ఓ 50కి ఇల్ఫర్డ్ ఇచ్చేది ఎనిమిదిన్నర నిమిషాలు. 32కి తీసిన ఎండ రోలుకి 7 నుంచి ఏడుంబావు నిమిషాలు మొదలుపెట్టడానికి బాగుంటుంది. మబ్బు పట్టిన రోజున మాత్రం ఇదే ఫిల్ము పూర్తి సమయంతో చాలా అందంగా వస్తుంది. చప్పటి వెలుగులో టి-మ్యాక్స్ బూడిదలా తోచే చోట పాన్ ఎఫ్ మెరుస్తుంది. దీన్ని ఇష్టపడేవాళ్లు ఇష్టపడేది ఈ మెరుపుని, గ్రెయిన్ అందులో రెండో మాటే.

పాన్ ఎఫ్‌కి ఇంకో బలహీనత ఉంది, చాలామందికి తెలియదు. తీసిన బొమ్మ డెవలప్ చేసేదాకా ఎమల్షన్‌లో లేటెంట్ ఇమేజ్‌గా ఉంటుంది కదా, ఈ ఫిల్ములో అది త్వరగా వాడిపోతుంది. ఎక్స్‌పోజ్ చేశాక మూడు నెలల లోపు డెవలప్ చెయ్యమని ఇల్ఫర్డే చెబుతుంది. సగం రోలు కెమెరాలో వదిలేసి ఆరు నెలల తర్వాత పూర్తి చేస్తే మొదటి ఫ్రేములు పల్చగా, నీడల్లో ఏమీ లేకుండా వస్తాయి. జనం దాన్ని మీటర్ తప్పనుకుంటారు. ఫిల్ము అంచున ఫ్రేము నంబర్లు మసకగానో అసలు కనబడకుండానో ఉండటం కూడా దీనివల్లే, అవి ఫ్యాక్టరీలో ఎక్స్‌పోజ్ అయి ఎంతో కాలం అయి ఉంటుంది కాబట్టి. అంచు నంబర్లు కనబడలేదని డెవలపర్ చచ్చిపోయిందని తీర్మానించకండి.

టి-మ్యాక్స్ 100 దీనికి దాదాపు వ్యతిరేకం. నీడల నుంచి హైలైట్ల దాకా వంపు దాదాపు గీత గీసినట్టు పోతుంది, పైన వంగదు. అందువల్ల ఎక్కువ ఎక్స్‌పోజ్ అయిన మబ్బులో వివరం నెగటివ్ మీద ఉంటుంది, కానీ నెగటివ్ అక్కడ ఎంత దట్టంగా తయారవుతుందంటే ప్రింటులో దాన్ని బర్న్ చేసి (అదనపు కాంతి ఇచ్చి) దింపడానికి చేతులు పడిపోతాయి. డెవలప్‌మెంటు విషయంలో ఇది కచ్చితంగా ఉంటుంది. ఒక డిగ్రీ ఉష్ణోగ్రత, పది శాతం సమయం, కొంచెం ఎక్కువ కుదుపు, దేన్నీ వదిలిపెట్టదు. ఇది నచ్చనివాళ్లలో చాలామంది నిజానికి ఎక్కువ డెవలప్ చేసినవాళ్లే. డి-76 1+1, 20 డిగ్రీలు, తొమ్మిదిన్నర నిమిషాలతో మొదలుపెట్టి, థర్మామీటరుని నిజంగా చూస్తూ రెండు మూడు రోళ్లు ఒకేలా చెయ్యండి. తర్వాతే సమయం మార్చండి.

డెల్టా 100 ఈ రెండిటికీ మధ్యలో ఉంటుంది. టి-మ్యాక్స్ అంత మొండిగా ఉండదు, ఐడి-11 1+1లో 11 నిమిషాలు. 35 ఎంఎంలో మొదటిసారి ఈ తరహా ఫిల్ము వాడేవాళ్లకి నేను చెప్పేది ఇదే.

అక్రాస్ సంగతి వేరు. పాతది 2018లో ఆగిపోయింది, 2019లో రెండో తరం వచ్చింది. ఇది ఆర్థో-పాంక్రొమాటిక్, అంటే ఎరుపుకి మిగతా ఫిల్ముల కంటే తక్కువ స్పందిస్తుంది. పెదాలు, ఎర్ర మట్టి, ఎర్ర ఇటుకలు కొంచెం ముదురుగా వస్తాయి. ఎర్ర ఫిల్టర్ వేస్తే మామూలు మూడు స్టాపులు చాలవు. దీని అసలు గొప్పదనం చీకటిలో. 120 సెకన్ల దాకా రెసిప్రోసిటీకి (పొడవాటి ఎక్స్‌పోజర్‌లో ఫిల్ము వేగం పడిపోవడానికి) ఏ సవరణా అక్కర్లేదు, అక్కడి నుంచి 1000 సెకన్ల దాకా అర స్టాప్ చాలు. మిగతావాటితో పోలిస్తే ఇదెంత పెద్ద మాటో చూడండి. ఇల్ఫర్డ్ ఫిల్ములకి మీటరు చూపిన సెకన్లని ఒక ఘాతానికి హెచ్చించాలి, పాన్ ఎఫ్‌కి 1.33, డెల్టా 100కి 1.26. మీటరు 30 సెకన్లు అంటే పాన్ ఎఫ్‌కి 92, డెల్టాకి 73 సెకన్లు ఇవ్వాలి. 60 అంటే పాన్ ఎఫ్‌కి దాదాపు 230. టి-మ్యాక్స్ 100కి 10 సెకన్లు 15 అవుతుంది, 100 సెకన్లు 200 అవుతుంది. ఫోమాపాన్ 100 అయితే 10 సెకన్లకి 8 రెట్లు అడుగుతుంది. రాత్రి భవనాలు, ఎన్‌డి ఫిల్టర్‌తో (కాంతిని తగ్గించే బూడిద గాజుతో) నీళ్లు తీసేవాళ్లకి అక్రాస్ తర్వాతే ఏదైనా. వేగం 100 అయినా, పొడవాటి ఎక్స్‌పోజర్‌లో అది కొన్ని ఐఎస్ఓ 400 ఫిల్ముల్ని కూడా దాటిపోతుంది.

ఇప్పుడు రోలై ఆర్‌పిఎక్స్ 25, రెట్రో 80ఎస్. ఈ రెండూ ఆగ్ఫా-గెవర్ట్ ఎమల్షన్ల వంశం. రెట్రో 80ఎస్ మూలం విమానాల నుంచి నేల ఫొటోలు తియ్యడానికి చేసిన ఏవిఫాట్ ఫిల్ము. పొగమంచుని చీల్చుకుని చూడాలి కాబట్టి ఎరుపు వైపు, ఇన్‌ఫ్రారెడ్ అంచు దాకా దీనికి చూపు ఉంటుంది. దానివల్ల మూడు పరిణామాలు. ముఖాల మీద మచ్చలు, ఎర్రదనం మాయమై చర్మం పాలిపోతుంది. పచ్చని ఆకులు తేలికపడతాయి. నీలాకాశం వెలుగు మాత్రమే పడే నీడలు మామూలు కంటే లోతుగా మునిగిపోతాయి. ఈ మూడోదాని వల్లే 80 అని రాసి ఉన్నా రెట్రో 80ఎస్‌ని 40 లేదా 50కి తీస్తేనే నీడలు బతుకుతాయి. ముదురు ఎర్ర ఫిల్టర్‌తో దృశ్యాలు నాటకీయంగా వస్తాయి, ఆర్72 తరహా ఫిల్టర్‌తో ఇన్‌ఫ్రారెడ్ కూడా చెయ్యొచ్చు. మీకు ముఖాలు ప్రధానమైతే ఒక రోలు వాడి చూసుకున్నాకే పెట్టె కొనండి.

వీటి బేస్ పాలియెస్టర్, గాజులా పారదర్శకం. మామూలు 35 ఎంఎం ఫిల్ముల అసిటేట్ బేస్‌లో బూడిద రంగు కలిపి ఉంటుంది. అది పక్క నుంచి దూరే కాంతిని మింగేస్తుంది. పారదర్శకమైన పాలియెస్టర్‌లో ఆ కాంతి ఫిల్ము నాలుక (డబ్బా బయటికి వచ్చిన కొస) నుంచి డబ్బా లోపలికి గొట్టంలో పోయినట్టు పోతుంది. ఎండలో నిలబడి లోడ్ చేస్తే మొదటి రెండు మూడు ఫ్రేముల పైనా కిందా పొగలాంటి ఫాగ్, స్ప్రాకెట్ కంతల ఆకారంలో మచ్చలు వస్తాయి. నీడలో, వీలైతే గదిలో లోడ్ చెయ్యండి, తీసిన రోలుని వెంటనే నల్ల డబ్బాలో వెయ్యండి. పాలియెస్టర్ చిరగదు కూడా. రోలు చివర లీవరుని బలంగా లాగితే అసిటేట్ ఫిల్ము తెగుతుంది, ఇక్కడ తెగేది కెమెరా గేరు. గట్టిగా తగిలిన చోట ఆపండి.

సిఎంఎస్ 20 అసలు ఫొటోగ్రఫీ ఫిల్ము కాదు, పత్రాల్ని కాపీ చేసే మైక్రోఫిల్ము తరహా. సహజంగా దాని కాంట్రాస్ట్ నలుపు, తెలుపు, అంతే. మామూలు టోన్లు రప్పించడానికి దాని కోసమే చేసిన అడోటెక్ డెవలపర్ కావాలి, దానితోనే 20 వేగం దొరుకుతుంది. మీ దగ్గరున్న డి-76లో వేస్తే సుద్దా బొగ్గూ మిగులుతాయి. బాగా పల్చన చేసిన రోడినాల్‌లో కొంత లొంగదీసుకోవచ్చు గానీ వేగం ఐఎస్ఓ 6 దాకానో ఇంకా కిందికో పడుతుంది. ఎక్స్‌పోజర్‌లో అర స్టాప్ తేడా కూడా కనిపిస్తుంది, కాబట్టి ముఖ్యమైన ఫ్రేముకి అటూ ఇటూ అర స్టాప్ చొప్పున బ్రాకెట్ చెయ్యాలి. గ్రెయిన్ మాత్రం నిజంగానే లేనట్టే ఉంటుంది. ఎంతగా అంటే ఎన్‌లార్జర్ (నెగటివ్‌ని కాగితం మీద పెద్దది చేసే యంత్రం) కింద గ్రెయిన్ ఫోకసర్ పెట్టినా పట్టుకోవడానికి గ్రెయిన్ దొరకదు, బొమ్మలో ఒక పదునైన అంచుని వెతికి దాని మీద ఫోకస్ చేసుకోవాలి. ట్రైపాడ్, మంచి లెన్సు, ఎఫ్/4 నుంచి ఎఫ్/8, కదలని వస్తువు, ఈ నాలుగూ కుదిరితే దీన్ని తలకెత్తుకోండి. ఒక్కటి తప్పినా పదునులో టి-మ్యాక్స్ 100తో తేడా ఉండదు.

స్లో ఫిల్ము కొనడానికి గట్టి కారణాలు వేరే అన్నాను. ఒకటి, ఎండలో లెన్సు తెరిచి తియ్యడం. నిండు ఎండలో ఐఎస్ఓ 100కి ఎఫ్/2.8 దగ్గర 1/3200 కావాలి, చాలా పాత కెమెరాల్లో 1/1000కి మించి లేదు. ఐఎస్ఓ 25కి అదే అపర్చర్ దగ్గర 1/800 చాలు. ఎన్‌డి ఫిల్టర్ ఆ పని చేస్తుంది, కానీ ఎస్ఎల్ఆర్ వ్యూఫైండర్ చీకటై ఫోకస్ చెయ్యడం కష్టం. రెండు, పైన చెప్పిన టోన్ల తీరు: పాన్ ఎఫ్ మెరుపు, రెట్రో ఎరుపు చూపు. మూడు, ప్రవహించే నీటిని ఫిల్టర్ లేకుండా సాగదియ్యడం. ఇవేవీ మీ అవసరం కాకపోతే డెల్టా లేదా టి-మ్యాక్స్ దగ్గర ఆగండి.

డెవలపర్ల గురించి. గ్రెయిన్‌ని మార్చడంలో 50, 100 ఫిల్ముల మధ్య తేడా కంటే డెవలపర్ చేతిలో ఎక్కువ ఉంది. డి-76, ఐడి-11లలో లీటరుకు 100 గ్రాముల సోడియం సల్ఫైట్ ఉంటుంది, అది స్ఫటికాల అంచుల్ని కొంచెం కరిగించి గ్రెయిన్‌ని నునుపు చేస్తుంది, దాంతో పాటు అంచుల పదును కూడా కాస్త తగ్గుతుంది. 1+1 చేస్తే కరిగించే గుణం సగమై పదును తిరిగొస్తుంది. సన్నని ఫిల్ములకి 1+1 సరైన చోటు. పర్సెప్టాల్ డెవలపర్‌ని స్టాక్‌గా (పల్చన చెయ్యకుండా) వాడితే గ్రెయిన్ ఇంకా నునుపవుతుంది, కానీ అర నుంచి ఒక స్టాప్ వేగం పోతుంది. ఎక్స్‌టాల్ వేగం పోగొట్టకుండా సన్నని గ్రెయిన్ ఇస్తుంది. దాని చెడ్డగుణం ఒకటే, రంగు మారకుండానే చచ్చిపోతుంది. ప్రతిసారీ రోలు వేసే ముందు ఒక ఫిల్ము నాలుక ముక్కని వెలుతురులోనే అందులో ముంచండి, కొన్ని నిమిషాల్లో బాగా నల్లబడకపోతే పారబొయ్యండి. పల్చన చేసినా రోలుకి కనీసం 100 మి.లీ. స్టాక్ ఉండేలా చూసుకోండి. రోడినాల్ గ్రెయిన్‌ని కరిగించదు, అంచుల్ని పదును పెడుతుంది. 400 ఫిల్ములో గరుగ్గా కనబడేది పాన్ ఎఫ్‌లో చక్కగా ఉంటుంది. కానీ 1+100 అని పల్చన చేసి 300 మి.లీ. ట్యాంకులో పోస్తే అందులో ఉన్నది 3 మి.లీ. గాఢ ద్రవమే, రోలుకి 5 మి.లీ. అయినా కావాలి. గంటసేపు కదపకుండా వదిలే స్టాండ్ పద్ధతిలో స్ప్రాకెట్ కంతల నుంచి కిందికి చారలు దిగుతాయి. నునుపైన ఆకాశం కోసం ఇంత కష్టపడి ఆ చారలు తెచ్చుకోవడం ఎందుకు?

నీళ్లు వెచ్చగా ఉంటే స్లో ఫిల్ములతో ఒక చిక్కు వస్తుంది. డిగ్రీకి సుమారు పది శాతం చొప్పున సమయం తగ్గుతుంది. పాన్ ఎఫ్‌కి ఐడి-11 స్టాక్‌లో 20 డిగ్రీల దగ్గర ఆరున్నర నిమిషాలు, 24 డిగ్రీల దగ్గర నాలుగున్నరకి వస్తుంది. ఐదు నిమిషాల లోపు డెవలప్‌మెంటులో ద్రవం పోసే, తీసే సమయమే పెద్ద భాగమై ఆకాశంలో మచ్చలు మచ్చలుగా తేడాలు వస్తాయి. 1+1 చేస్తే 24 డిగ్రీల దగ్గరా ఆరు నిమిషాలు ఉంటుంది, పనవుతుంది. అన్ని ద్రవాలూ, కడిగే నీళ్లూ ఒకటి రెండు డిగ్రీల తేడాలోనే ఉంచండి. కుదుపు ఇల్ఫర్డ్ చెప్పినట్టు: మొదటి పది సెకన్లలో నాలుగుసార్లు తిప్పడం, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో నాలుగుసార్లు, తిప్పాక ట్యాంకుని బల్ల మీద తట్టడం. తట్టకపోతే గాలి బుడగలు అంటుకుని నెగటివ్ మీద గుండ్రటి పారదర్శక చుక్కలు, ప్రింటులో నల్ల చుక్కలు. అతిగా, ఒకే లయలో కుదిపితే కంతల గుండా ద్రవం దూకి అంచుల్లో దట్టమైన చారలు.

ఫిక్సర్ (డెవలప్ కాని వెండి హాలైడ్‌ని కరిగించే ద్రవం) దగ్గర పలక స్ఫటికాల ఫిల్ములకి ఓపిక కావాలి. టి-మ్యాక్స్, డెల్టా మామూలు ఫిల్ముల కంటే నెమ్మదిగా ఫిక్స్ అవుతాయి, ఫిక్సర్‌ని త్వరగా ఖాళీ చేస్తాయి. ఎక్స్‌పోజ్ కాని ముక్కని ఫిక్సర్‌లో వేసి పారదర్శకం కావడానికి ఎంతసేపు పట్టిందో చూసి, దానికి మూడు రెట్లు ఇవ్వండి. కొత్త ఫిక్సర్‌లో పట్టిన సమయానికి రెట్టింపు పడుతుంటే ఫిక్సర్ అయిపోయినట్టే. టి-మ్యాక్స్ నెగటివ్ గులాబీ రంగులో ఉంటే భయపడక్కర్లేదు, అది సెన్సిటైజింగ్ డై మిగులు. బాగా గులాబీగా ఉంటే ఫిక్స్ చాల్లేదని అర్థం, తాజా ఫిక్సర్‌లో మళ్లీ వేసి ఎక్కువసేపు కడగండి. పాలలాంటి మసక ఉంటే మాత్రం కచ్చితంగా ఫిక్స్ అవ్వలేదు. ఆఖరి కడుగుకి డిస్టిల్డ్ నీళ్లు, కొన్ని చుక్కల వెట్టింగ్ ఏజెంట్. గ్రెయిన్ లేని ఆకాశంలో ఎండిన నీటి మరక దాక్కోవడానికి చోటుండదు.

మీరే పోల్చి చూసుకోవాలంటే ఇలా చెయ్యండి. ట్రైపాడ్ మీద ఒకే దృశ్యం, ఒకే లెన్సు, ఎఫ్/5.6 లేదా ఎఫ్/8. ఫ్రేములో ఖాళీ ఆకాశమో బూడిదరంగు గోడో తప్పకుండా ఉండాలి, గ్రెయిన్ మధ్య బూడిదలోనే బయటపడుతుంది. పక్కన సన్నని అక్షరాలో కొమ్మలో ఉంటే పదును తెలుస్తుంది. ఎన్‌లార్జర్ తలని 16×20కి లేపి, మధ్య భాగం మాత్రం 5×7 కాగితం మీద ప్రింటు చెయ్యండి, కాగితం ఆదా. రెండు ప్రింట్లలోనూ ఆకాశం ఒకే ముదురులో ఉండాలి, కాంట్రాస్ట్ ఒకేలా ఉండాలి. ఇది కుదర్చకుండా చేసిన పోలికలన్నీ చెల్లవు. ఎక్కువ డెవలప్ చేసిన నెగటివ్, గట్టి గ్రేడు (ఎక్కువ కాంట్రాస్ట్) కాగితం మీద ప్రింటు, ఏ ఫిల్మునైనా గరుకుగా చూపిస్తాయి. అవసరానికి మించి ఎక్స్‌పోజ్ చేసినా పాత తరహా ఫిల్ముల్లో గ్రెయిన్ పెరుగుతుంది.

స్కాన్ చేసి స్క్రీన్ మీదే చూస్తారనుకుంటే ఈ చర్చ చాలావరకు అనవసరం. ఫ్లాట్‌బెడ్ స్కానర్లు పేరుకి ఎంత చెప్పినా నిజంగా ఇచ్చేది అంగుళానికి 2400 చుక్కల చుట్టుపక్కల, అంటే 47 లైన్ పెయిర్లు. 24 మెగాపిక్సెల్ డిజిటల్ కెమెరాతో నెగటివ్ కాపీ చేస్తే 83 దాకా. ఆ స్థాయిలో డెల్టా 100కీ సిఎంఎస్ 20కీ పదునులో తేడా పట్టుకోలేరు. పైగా స్కానర్ చుక్కలూ గ్రెయినూ కలిసి లేని గరుకుదనాన్ని పుట్టిస్తాయి, దాన్ని చూసి ఫిల్ముని తిట్టకండి. ఇన్‌ఫ్రారెడ్‌తో దుమ్ము తుడిచే సదుపాయం వెండి నెగటివ్ల మీద పనిచెయ్యదు, ఆపేసి ఉంచండి.

చివరగా, పాత డబ్బాల్లో దొరికే పానటామిక్-ఎక్స్, ఆగ్ఫాపాన్ 25, టెక్నికల్ పాన్ కొనాలా అని కూడా అడిగారు. స్లో ఫిల్ములు వేగమైనవాటి కంటే వయసుని బాగా తట్టుకుంటాయి, ఫ్రిజ్‌లో ఉన్న పానటామిక్-ఎక్స్ 32ని 20కి తీస్తే ఇప్పటికీ వాడదగ్గ నెగటివ్లు వస్తుంటాయి. టెక్నికల్ పాన్‌ది సిఎంఎస్ 20 సమస్యే, దాని కోసం చేసిన టెక్నిడాల్ డెవలపర్ ఇప్పుడు తయారుకావడం లేదు. ఏది కొన్నా, ఎలా భద్రపరిచారో తెలియని రోలుని ముందు ఒక ముక్క కత్తిరించి, ఎక్స్‌పోజ్ చెయ్యకుండా డెవలప్ చేసి ఫాగ్ ఎంతుందో చూసుకోండి. మామూలు బేస్ కంటే బాగా బూడిదగా వస్తే, మిగతా రోలుని కెమెరాలో వెయ్యకుండా నాలుక ముక్కల పరీక్షలకి పక్కన పెట్టుకోండి.